దారం లెక్క

పెట్టె మూత తీస్తే ఇడ్లీ రేకుల్లాంటి గుంటలు,
ఒక్కో గుంటలో ఒక్కోటి.
మొత్తం నలభై ఎనిమిది.
చింతగింజ కన్నా కాస్త పెద్దవి, పొట్ట కింద మెత్తటి నూగు.
"కుట్టవులే ఆంటీ, పట్టుకో" అన్నాడు
బెజవాడ నుంచి వచ్చిన పిల్లోడు, నయీముద్దీన్.
పట్టుకున్నాను. బరువే లేదు.
బరువు లేనిదాన్ని నమ్మడం నాకు కొత్త.

ఫిరంగిపురం దాటాక ఎడమ చేతి మట్టిదారిలో
నాలుగెకరాల విత్తనప్పత్తి.
ఈ చేలో ముప్పయ్యొక్క ఏళ్ళుగా నా బొటనవేలు పనిచేస్తోంది.
సాయంత్రం మొగ్గ ఒలిచి
పుప్పొడి తిత్తుల్ని గోటితో గీకెయ్యాలి, నడుమ పుల్ల విరక్కుండా.
ఎర్ర కాగితం టోపీ పెట్టాలి.
(తేనెటీగ ముట్టకుండా ఆ టోపీ.
ఇప్పుడు కొత్తపిల్లలు అడుగుతారు, ఏ తేనెటీగ అని.)
పొద్దున మంచు ఆరాక మగపువ్వు తెచ్చి రుద్దాలి.
రుద్దడం కూడా కాదు,
పసిపిల్ల నుదుట సిలువ గీసినట్టు.
ఆపైన దారం.
దారం కడితేనే పువ్వు లెక్కలోకి వస్తుంది.
దారాలు లెక్కేసే కూలి.

నన్ను మొదట ఇక్కడికి తెచ్చింది మా మేనత్త ఇన్నమ్మ.
పదకొండేళ్ళు నాకు. ఐదో తరగతి పుస్తకం
గోదావరి ఎక్కడ పుట్టిందో చెప్పే పాఠం దగ్గర ఆగింది.
"చిన్న వేళ్ళయితే పువ్వు నొచ్చుకోదు" అన్నాడు ఆసామి.
పువ్వు నొచ్చుకోకూడదని
ఎంతమంది పెద్దలు ఆలోచించారో ఆ రోజు.

ఇప్పుడు నా వాటికంటే చిన్న వేళ్ళు దొరికాయి.

మూడు రోజులు నా చేతులకు వీడియో తీశారు.
ముఖం అక్కర్లేదట.
"ఇంకొంచెం నెమ్మదిగా ఆంటీ,
గోరు ఎక్కడ ఆగుతుందో చూపించు."
ఎక్కడ ఆగుతుందో నాకేం తెలుసు?
ఆగుతుంది, అంతే.
దాన్ని చూపించబోయి రెండు మొగ్గలు విరగ్గొట్టాను,
ఇన్నేళ్ళలో మొదటిసారి.

నాలుగో రోజు ఎగిరాయి.
ఈగల రొద కాదది,
వెలగబోయే ముందు పాత ట్యూబులైటు గొణిగే గొణుగుడు.
వరస తప్పలేదు. ఏ పువ్వు దగ్గరా ముచ్చటపడి ఆగలేదు.
మగపువ్వులో దొర్లి, ఆడపువ్వు మీద వాలి,
మా పదిమందీ పొద్దంతా చేసేది
టీ చల్లారేలోపు ముగించి పెట్టెలోకి చేరాయి.
అబద్ధమెందుకు, బాగా చేశాయి.
శౌరమ్మ మాత్రం దారపు ఉండ చేత్తో పట్టుకుని
ఎవరి వెనక నడవాలో తెలియక గట్టు మీదే నిలబడింది.
ఆ శౌరమ్మను నేనే.

"ఒలవడం ఇంకా రాలేదు వీటికి,
వచ్చే ఏడు నేర్పుతాం" అన్నాడు నయీముద్దీన్,
నా చేతులకేసే చూస్తూ.

సాయంత్రం లెక్కలో నలభై ఏడే తేలాయి.
చెట్టు చెట్టూ వెతికారు, టార్చీలు వేసి.

మా దొడ్డి కంచె మీద బీరపాదు
దీపాలవేళకి విచ్చుకుంటుంది.
పచ్చటి పువ్వులో వెల్లకిలా పడి ఉంది
నలభై ఎనిమిదోది,
ఎర్రలైటు ఆరుతూ వెలుగుతూ.
ఆడపువ్వే చూసుకుంది, కింద వేలెడు పిందె.
ఒళ్ళంతా పత్తి పుప్పొడి పూసుకుని
ఇంత దూరం ఎందుకొచ్చావే?
పత్తి పొడితో బీర కాయదు.
నాకు తెలుసు, దానికి తెలియదు.
దానికెవరూ చెప్పలేదు,
మూడు రోజుల వీడియోలో నేనూ చెప్పలేదు.

దాన్ని తీసి కంచె కర్ర మీద కూచోబెట్టాను.
పక్క తీగ నుంచి మగపువ్వు తుంచి
అది చూస్తుండగానే,
నెమ్మదిగా కాదు, నా వేగంతోనే, అద్దాను.
కొంగుకి చుట్టుకున్న దారంముక్క ఒకటి మిగిలుంది.
కట్టాను.

ఇంట్లో ఫోన్ మోగుతోంది.
"ఆంటీ, ఒకటి కనపడ్డం లేదు..."
చూస్తాలే అన్నాను.

తిరిగొచ్చేసరికి లైటు ఆరిపోయింది.
ఈ దారం ఎవరి లెక్కలో వేస్తారో.
పొద్దున లేచి పిందె చూడాలి.